సీలు మార్చినా ఆగని లీకు

రాత్రి బండి ఆపిన చోట పొద్దున చూస్తే అరచేతంత నల్లటి ఆయిల్ మరక. పాత జిప్సీయో, పాత మహీంద్రా జీపో ఉన్న ఇళ్లలో ఇది ఎంత అలవాటైపోయిందంటే, చాలామంది బండి కింద ఒక అట్టముక్క పరిచేసి ఇక దాని సంగతే మర్చిపోతారు. పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి) అన్నాక కారుతుందనీ, కారడం ఆగిందంటే లోపల ఆయిల్ అయిపోయినట్టేననీ ఒక మాట ప్రచారంలో ఉంది. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. దాన్ని నమ్ముకుని బండిని బెంగళూరు నుంచి అనంతపురం దాకా 200 కిలోమీటర్లకు పైగా హైవే మీద తోలితే మాత్రం ఖర్చు చక్రాలకు తిప్పుడు అందించే క్రౌన్ పినియన్ పళ్లచక్రాల దాకా వెళుతుంది.

మరికొందరు దీనికి పూర్తిగా వేరు. మరక కనపడగానే షెడ్డుకు తీసుకెళ్లి, తిరిగే షాఫ్టు చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలు మార్పిస్తారు. మూడు నెలలకు మళ్లీ అదే మరక. మళ్లీ సీలు, మళ్లీ లేబరు. మూడోసారికి సీలు నాసిరకమనో, మెకానిక్ పనిమంతుడు కాదనో తేల్చేస్తారు. చాలాసార్లు ఆ రెండూ కావు. పాత సీలును చంపిన కారణం లోపల అలాగే ఉంది, కొత్త సీలునూ అదే చంపింది. పుండు ఒకచోట, మందు ఒకచోట అంటే ఇదే.

ముందు ఇంత కారే అవకాశం ఈ బండ్లకే ఎందుకో చూడాలి. మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో గేర్ బాక్స్, రెండు పక్కల చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టెలోంచి షాఫ్టులు బయటికొచ్చే చోట్లు రెండు మూడు, సీళ్లూ అన్నే. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో గేర్ బాక్స్ వెనక, ముందు వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, డిఫరెన్షియల్ కూర్చునే హౌసింగ్ ముందొకటి, వెనకొకటి, వాటిని కలుపుతూ ప్రొపెల్లర్ షాఫ్టులు ఉంటాయి. 1985లో వచ్చి 2019లో ఆగిపోయిన మారుతి జిప్సీనే తీసుకుంటే, అందులో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్ బాక్సుకు అతుక్కుని కూడా ఉండదు, విడిగా వేలాడుతుంది. రెండింటి మధ్య ఒక పొట్టి షాఫ్టు తిరుగుతుంటుంది. గేర్ బాక్స్ వెనక ఒకటి, ట్రాన్స్‌ఫర్ కేసుకు లోపలికొచ్చే చోట ఒకటి, బయటికెళ్లే చోట్ల రెండు, హౌసింగుల్లోకి తిప్పుడు తీసుకెళ్లే రెండు పినియన్లకు రెండు, వెనక యాక్సిల్ చివర్ల రెండు, ముందు యాక్సిల్ లోపల రెండు, ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్లు, అంటే నకుల్స్ దగ్గర రెండు. ఇలా లెక్కపెడుతూ పోతే డజను తేలతాయి. పైగా ఆ ట్రాన్స్‌ఫర్ కేసులో పట్టే ఆయిల్ లీటరు కూడా ఉండదు. ఇంజన్‌లోంచి పావు లీటరు పోతే డిప్ స్టిక్ పట్టిస్తుంది. ఇక్కడ పావు లీటరు పోతే చెప్పే దీపం లేదు, గేజీ లేదు. బేరింగ్ కూతపెట్టినప్పుడే తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమైపోయి ఉంటుంది.

పెంకుటిల్లు కారడం చూసినవాళ్లకు ఈ లీకు తీరు సులువుగా అర్థమవుతుంది. పెంకు పగిలింది ఒకచోట, నీళ్లు వాసం పట్టుకుని జారి గోడ మీద చెమ్మ తేలేది ఇంకోచోట. బండి కింద అదే పని గాలి చేస్తుంది. బండి పరిగెడుతుంటే ముందు కారిన ఆయిల్ వెనక్కి కొట్టుకుపోయి, దారిలో దుమ్ము పట్టించుకుని, ట్రాన్స్‌ఫర్ కేస్ అడుగునో ఛాసిస్ అడ్డపట్టీ (క్రాస్ మెంబర్) మీదనో చేరి అక్కడ చుక్క కడుతుంది. అందుకే చుక్క రాలే చోటును చూసి సీలు కొనుక్కురావడం సరైన పద్ధతి కాదు. అడుగుభాగంలో తడి ఉన్న చోట్లన్నిటిలో అన్నిటికంటే పైనున్నదీ, అన్నిటికంటే ముందున్నదీ ఏదో వెతకాలి. ఇందుకు డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో అడుగంతా శుభ్రంగా కడిగి, తుడిచి, ఆరాక అనుమానమున్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరే పలచగా చల్లి, పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిపి చూస్తే చాలు. తెల్లటి పొడి మీద తడిగీత ఎక్కడ మొదలైందో కంటికే కనిపిస్తుంది. పెద్ద పనేం కాదు. అడగకపోతే ఏ షెడ్డులోనూ చెయ్యరు, ఎందుకంటే కడగడానికి లేబరు అడిగితే బండివాళ్లు ఒప్పుకోరు.

కారుతున్నది ఏ ఆయిలో తేల్చుకోవడం అంతకంటే ముందు పని. వేలికి అంటించుకుని వాసన చూడాలి. గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, అందులో కలిపే గంధకపు రసాయనాల వల్ల కుళ్లిన గుడ్డుకు దగ్గరగా ఘాటు కొడుతుంది. ఒకసారి పీల్చిన ముక్కు మర్చిపోదు. ఇంజన్ ఆయిల్ అయితే, ముఖ్యంగా డీజిల్ బండిలో, కాటుక నలుపు. బ్రేక్ ఆయిల్ నీళ్లలా పలచన, తగిలిన చోట పెయింటును లేపేస్తుంది. చక్రం లోపలివైపు తడి కనిపిస్తే అది హౌసింగ్ ఆయిలా, బ్రేక్ ఆయిలా అన్నది అప్పటికప్పుడు తేల్చాల్సిందే. రెండోదైతే బండి కదపకూడదు.

ఇక అసలు విషయం. ఆయిల్ సీలు అంటే ఒక ఇనుప రింగు, దానికి అంటిన రబ్బరు పెదవి, ఆ పెదవిని షాఫ్టుకు అదిమి పట్టే సన్నటి స్ప్రింగు. తొలినాళ్లలో ఆ పెదవి తోలుతో ఉండేది. 1929లో జర్మనీలో ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీలో వాల్టర్ సిమ్మర్ చేసిన సీలు కూడా మొదట తోలుదే, ఆ కంపెనీయే తోళ్లు ఊనే కంపెనీ. రబ్బరు తర్వాత వచ్చింది. ఆ పెదవి షాఫ్టును నేరుగా రాచుకోదు, మధ్యలో వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచనైన ఆయిల్ పొర మీద జారుతుంది. ఆ పొర ఉన్నంతకాలం సీలు ఏళ్లతరబడి బతుకుతుంది. దాన్ని చెడగొట్టేవి నాలుగున్నాయి: లోపలి ఒత్తిడి, షాఫ్టు మీద గాడి, బేరింగ్ ఆట (వదులు), గట్టిపడిన రబ్బరు. వీటిలో మొదటిదాన్ని పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ. ఖర్చు తక్కువయ్యేదీ అదే.

హౌసింగ్ పైన చిటికెన వేలంత బ్రీదర్ ఒకటుంటుంది. బండి నడిచేకొద్దీ లోపలి ఆయిల్ వేడెక్కుతుంది, దాంతోపాటు గాలీ వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆ గాలి బయటికి పోయేందుకే బ్రీదర్. 30 డిగ్రీల దగ్గర బయలుదేరిన హౌసింగ్ 90 డిగ్రీలకు చేరిందనుకుందాం. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే లోపలి ఒత్తిడి సుమారు ఐదో వంతు పెరుగుతుంది. ఎక్కువ ఒత్తిడి తట్టుకునేందుకు తయారైనవి కావు ఈ సీళ్లు. పెదవి షాఫ్టుకు మరీ గట్టిగా అదుముకుని, వేడెక్కి, అరిగి, పక్కనుంచి ఆయిల్‌ను బయటికి వదిలేస్తుంది. బండి నిలబడి చల్లారాక లోపల గాలి ముడుచుకుని, ఈసారి బయటి గాలిని, తడిని లోపలికి లాగుతుంది.

ఈ లాగుడు బెంగళూరులో ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన సంగతి. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, అవుటర్ రింగ్ రోడ్డు వైపు నీళ్లు నిలిచినప్పుడు ఎత్తైన బండి కదా అని ఆ నీళ్లలోంచి వెళ్లిన ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు పైనుంచి చూస్తే ఏమీ కాలేదు. అయితే వేడిగా ఉన్న హౌసింగ్ ఒక్కసారిగా చన్నీళ్లలో మునిగినప్పుడు లోపలి గాలి చప్పున ముడుచుకుంటుంది. బ్రీదర్ పని చెయ్యకపోతే ఆ వాక్యూమ్ సీలు పెదవి పక్కనుంచే నీళ్లను లోపలికి పీలుస్తుంది. బ్రీదర్ బాగానే ఉన్నా అది నీళ్ల మట్టానికి కిందే ఉంటే దాని గుండానే పీలుస్తుంది. అలాంటి బండి హౌసింగ్ నట్టు విప్పితే వచ్చేది ఆయిల్ కాదు, పాలు కలిసిన టీ రంగులో ఒక చిక్కటి ద్రవం. దాంతో నెల నడిపితే బేరింగులకు తుప్పు పడుతుంది, తుప్పు రజను సీలు పెదవి కింద చేరి ఆకురాయిలా పనిచేస్తుంది. వానాకాలంలో రెండుసార్లు మోకాలిలోతు నీళ్లు దాటిన బండికి ఆయిల్ రంగు చూడకుండా సీలు మార్చడం డబ్బు దండగే. బ్రీదర్ విప్పి డీజిల్‌లో కడిగి, నోటితో ఊది చూసి, వీలైతే ఒక రబ్బరు పైపు తగిలించి ఇంజన్ గది పైభాగం దాకా తెచ్చి కట్టడం ఒక పూట పని. పైపు ధర సీలు ధరకు మించదు.

రెండో కారణాన్ని కళ్లతో కంటే గోటితో బాగా పట్టుకోవచ్చు. వెనక పినియన్ సీలు కారుతున్న ఒక జిప్సీని తీసుకుందాం. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి, పినియన్ నట్టు తీసి, షాఫ్టును పినియన్‌కు కలిపే ఫ్లాంజ్‌ను పుల్లర్‌తో బయటికి లాగుతారు. సీలు పెదవి ఆనే చోట ఆ ఫ్లాంజ్ మెడ మీద మెరిసే ఒక గీత కనిపిస్తుంది. గుడ్డతో తుడిచి, బొటనవేలి గోరును అడ్డంగా నెమ్మదిగా జరిపి చూడాలి. గోరు జారిపోతే సరే, మెరుపు మాత్రమే. గోరు టక్కున ఆగితే అది గాడి. ఇనుమును రబ్బరు కోసిందంటే మొదట నమ్మబుద్ధి కాదు గానీ, కోసేది రబ్బరు కాదు, పెదవి కింద ఇరుక్కున్న మట్టి, ఇసుక. ఏళ్లతరబడి ఒకేచోట రాపిడి పడితే గాడి పడక తప్పదు. ఆ గాడిలో కొత్త సీలు పెదవి సరిగ్గా కూర్చోదు. మూడు నెలలకే మళ్లీ మరక రావడానికి మామూలు కారణం ఇదే.

దీనికి మందు ఒక్కటే కాదు. కొత్త ఫ్లాంజ్ దొరికితే అదే మేలు. దొరక్కపోతే గాడి మీద తొడిగే పలచని స్టీలు స్లీవులు వస్తాయి, మందం మిల్లీమీటరులో పావు వంతు చిల్లర, సీలు సైజు మార్చక్కర్లేదు. గాడి లోతైతే బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలోనో మరెక్కడో మంచి లేత్ పనివాడి దగ్గర మెటల్ పోయించి, సైజుకు తిప్పించి, నునుపు చేయించాలి. నునుపులో తేడా వస్తే ఆ లేత్ గీతలే స్క్రూ మరలా పనిచేసి ఆయిల్‌ను బయటికి తోడేస్తాయి. అందుకే ఆఖరి నునుపు రాయి మీద నిలువుగా, షాఫ్టును ముందుకూ వెనక్కూ కదపకుండా పెట్టించుకోవాలి. ఇవేవీ కుదరని చోట అనుభవమున్న మెకానిక్కులు చేసే పని మరొకటుంది. సీలును దాని గూట్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెడతారు, పెదవి గాడి తప్పి కొత్త చోట ఆనుతుంది. గూడులో ఆ జాగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఖర్చు లేని పద్ధతి, బాగా పనిచేస్తుంది కూడా.

పినియన్ దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది, దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఆ నట్టు ఊరికే ఫ్లాంజ్‌ను పట్టుకోవడానికి లేదు. దాని బిగువు మీదే పినియన్ బేరింగుల బిగువు ఆధారపడి ఉంటుంది. చాలా బండ్లలో రెండు బేరింగుల మధ్య నలిగే స్లీవు ఒకటుంటుంది, కొన్నిట్లో షిమ్ములు (పలచని రేకు బిళ్లలు) ఉంటాయి. స్లీవు ఉన్న బండిలో నట్టును పొడవాటి పైపు వేసి బలంకొద్దీ బిగిస్తే స్లీవు అవసరానికి మించి నలిగి, బేరింగులు బిగుసుకుపోయి కాలిపోతాయి. వదులైతే పినియన్ ఆడుతుంది, పళ్లు అరుగుతాయి. అందుకే విప్పకముందే నట్టుకు, పినియన్ చివరకు, ఫ్లాంజ్‌కు సెంటర్ పంచ్‌తో గుర్తులు పెట్టి, ఎన్ని మరలు బయటికున్నాయో లెక్కపెట్టుకుని, మళ్లీ ఆ గుర్తుకే తేవాలి. ప్రొపెల్లర్ షాఫ్టుకూ అలాగే గుర్తు పెట్టి విప్పిన తీరులోనే బిగించాలి. 'సార్, ఈ నట్టు గుర్తు పెట్టి విప్పమంటారా?' అని తనంతట తాను అడిగే మెకానిక్ దొరికితే ఆ షెడ్డును వదులుకోకూడదు.

విప్పేముందు ఫ్లాంజ్‌ను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ, లోపలికీ బయటికీ కదిపి చూడటం మూడో కారణం కోసం. పినియన్‌లో చేతికి తెలిసే ఆట ఏదున్నా బేరింగ్ పోయినట్టే. షాఫ్టు ఊగుతుంటే రబ్బరు పెదవి దాని వెంట పరిగెత్తలేదు. బండిని ఎత్తు చేయించుకున్నవాళ్లు దీన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. స్ప్రింగులకు ఎత్తు పెంచితే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరుగుతుంది, దాని చివర్లలోని యూనివర్సల్ జాయింట్లు వణుకు పుట్టిస్తాయి, ఆ వణుకంతా వచ్చి పడేది పినియన్ సీలు మీద, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక సీలు మీద. నందిహిల్స్ వైపు గుట్టలెక్కడానికి పెంచిన ఎత్తు ఇంట్లో మరకగా తేలుతుంది.

నాలుగోది రబ్బరు వయసు. బెంగళూరులో పాత బండి సామాను అంటే జేసీ రోడ్డే. టౌన్ హాల్ నుంచి మినర్వా సర్కిల్ దాకా, రవీంద్ర కళాక్షేత్ర ఉన్న ఆ రోడ్డూ దాని సందులూ తిరిగితే ఎక్కడా దొరకని సామాను దొరుకుతుంది. తెలుగు, కన్నడ, తమిళం, ఉర్దూ ఏ భాషలో అడిగినా ఇస్తారు. పాత సీలును వెంట తీసుకెళ్లడం మంచిది, దాని ముఖం మీదే 35-52-8 లాగా మూడు అంకెలు ఉంటాయి. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. ఆగిపోయిన మోడళ్లకు కంపెనీ డబ్బాలో సీలు దొరికిందని సంబరపడేవాళ్లు డబ్బా మీద తేదీ కూడా చూడాలి. ఈ సీళ్లలో ఎక్కువగా వాడే నైట్రైల్ రబ్బరుకు సరైన నిల్వలో 7 ఏళ్లు ఆయుష్షని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2230 చెబుతుంది. అల్మారాలో పదిహేనేళ్లు పడి ఉన్న అసలు సీలు కంటే, నిన్నమొన్న తయారైన పేరున్న కంపెనీ సీలు నయం. వేలితో పెదవిని వంచి చూస్తే తెలుస్తుంది. మెత్తగా వంగి వెంటనే వెనక్కి రావాలి, సన్నటి పగుళ్లు కనపడకూడదు. వేడెక్కువ తగిలే చోట్లకు విటాన్ రబ్బరు సీళ్లు వస్తాయి, ధర ఎక్కువ, ఆయుష్షూ ఎక్కువే.

బిగించేటప్పుడు స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకు ఉండాలి, పెదవికి ఆయిల్ రాయాలి. పొడిగా తిరిగిన సీలు మొదటి కిలోమీటర్లలోనే కాలుతుంది. ఉలి పెట్టి చుట్టూ కొట్టకుండా, సీలు బయటి వ్యాసానికి సరిపోయే పైపు ముక్క ఆనించి సమంగా దింపాలి.

కొన్ని బండ్లకు సొంత జబ్బులు ఉన్నాయి, అవి తెలియకపోతే ఎంత మంచి మెకానిక్ అయినా తప్పుదోవ పడతాడు. జిప్సీ ముందు చక్రం లోపలివైపు, గుండ్రటి నకుల్ దగ్గర గ్రీజూ ఆయిలూ కలిసిన బంక కారుతుంటే అందరి చూపూ అక్కడ కనిపించే పెద్ద సీలు మీద పడుతుంది. నకుల్‌లో ఉండాల్సింది గ్రీజు మాత్రమే. ఆయిల్ అక్కడికి వచ్చిందంటే యాక్సిల్ గొట్టం లోపలున్న చిన్న సీలు పోయి, హౌసింగ్ ఆయిల్ గ్రీజును కరిగిస్తోందని అర్థం. బయటి సీలు ఎన్నిసార్లు మార్చినా ఆగదు. లోపలి సీలు మార్చి, పాత గ్రీజంతా కడిగి కొత్తది పెట్టి, నకుల్ తిరిగే కింగ్ పిన్ బేరింగుల ఆట సరిచేస్తేనే ఆగుతుంది.

అమెరికా విల్లీస్ వంశపు పాత మహీంద్రా జీపులది ఇంకో తీరు. వాటిలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్ బాక్సు వెన్నుకే బిగించి ఉంటుంది. రెండింటి మధ్య అడ్డు పాడైతే ఒకదాని ఆయిల్ ఇంకోదాంట్లోకి పోతుంది. బయట చుక్క పడకపోయినా ఒకటి ఎండిపోతుంది, రెండోది మట్టం దాటి నిండి దాని సీళ్ల గుండా కారుతుంది. కారేది ఆయిల్ ఎక్కువైన చోట, ప్రమాదమేమో ఆయిల్ తక్కువైన చోట. అందుకే ఈ జీపుల్లో రెండింటి మట్టాలూ కలిపి చూడాలి. వెనక షాఫ్టు బయటికొచ్చే చోటే హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము కూడా ఉంటుంది కాబట్టి ఆ సీలు కారిందంటే హ్యాండ్ బ్రేక్ పట్టదు. కేబుల్ బిగిస్తూ కూర్చుంటే లాభం లేదు. వెనక యాక్సిల్ సీలు కారి చక్రాల డ్రమ్ముల్లోకి ఆయిల్ పోయినా ఇంతే. నానిన బ్రేక్ షూలను పెట్రోలు పోసి కాల్చి మళ్లీ వేసే అలవాటు ఒకటుంది. లోపలికి ఇంకిన ఆయిల్ వేడికి మళ్లీ పైకి తేలుతుంది. వాటిని మార్చడం తప్ప వేరే దారి లేదు.

మట్టం చూడటంలోనూ ఒక వరస ఉంది. కింది డ్రెయిన్ నట్టు విప్పకముందే పక్కనున్న ఫిల్లింగ్ నట్టు విప్పుకోవాలి. పాత బండ్లలో అది తుప్పుపట్టి రాకపోతే, ఆయిలంతా దించేశాక మళ్లీ పోసే దారి ఉండదు. బండి సమతలంగా నిలబెట్టి, ఆ రంధ్రం అంచుదాకా ఆయిల్ వస్తే చాలు. ఏ ఆయిల్ అన్నది బండి పుస్తకం చూసి తేల్చాలి. 90 అన్నది చిక్కదనం చెప్పే అంకె మాత్రమే, జీఎల్ అన్నది గేర్ ఆయిల్ తరగతి. '90 నంబరు' అని అడిగితే కౌంటరు మీద పెట్టే డబ్బా జీఎల్-4 కావచ్చు, జీఎల్-5 కావచ్చు. క్రౌన్ పినియన్‌కు జీఎల్-5 కావాలి. గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్లున్న పాత గేర్ బాక్సుకు జీఎల్-4 చెప్పి ఉంటే అందులో జీఎల్-5 పోయకూడదు, అందులో ఎక్కువగా ఉండే గంధకపు రసాయనాలు ఇత్తడిని తినగలవు. కారకుండా ఉంటుందని ఇంకా చిక్కటి 140 నంబరు పోయించుకోవడం లోపాన్ని దాచడమే. సీలును ఉబ్బించే సీసా మందులూ అంతే, ఊరు చేరడానికి పనికొస్తాయేమో గానీ ఉబ్బిన రబ్బరు త్వరలోనే మెత్తబడి చినుగుతుంది. సిలికాన్ గమ్ము కవర్లకు పలచగా రాస్తే మంచిదే. బయటికి పొంగినంతే లోపలికీ పొంగుతుందనీ, ఆ ముక్కలు ఊడి లోపలే తిరుగుతాయనీ గుర్తుంటే ఎవరూ ట్యూబు సగం ఖాళీ చెయ్యరు.

ఈ చుక్కలు బండివాడి జేబుతోనే ఆగవు. కోరమంగళ వైపు వీధుల్లో రాలినది తొలి వానకు రోడ్డు మీద పలచటి పొరలా పరుచుకుని ముందు స్కూటర్లను పడేస్తుంది, తర్వాత రాజకాలువ (నగరపు పెద్ద వాననీటి కాలువ) పట్టుకుని బెళ్ళందూరు చెరువుకు, అక్కడి నుంచి వర్తూరుకు, దక్షిణ పినాకిని నదికి చేరుతుంది. దించిన పాత ఆయిల్‌ను మోరీలో పోయకుండా డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే అధీకృత చోట ఇవ్వడం షెడ్డువాళ్ల చేత చేయించాల్సింది బండివాళ్లే.

పని పూర్తయ్యాక ఒక వంద కిలోమీటర్లు నడిపి, వేడి మీదే ఫ్లాంజ్ దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. రెండు పినియన్ల దగ్గరా వేడి దాదాపు ఒకేలా ఉండాలి. టూ వీల్ డ్రైవ్‌లో నడిపి ఉంటే వెనకది కాస్త ఎక్కువుండొచ్చు, పని చేయించిన పినియన్ రెండోదానికంటే మరీ ఎక్కువ కాలితే మాత్రం నట్టు ఎక్కువ బిగిసి ఉండొచ్చు, వెంటనే విప్పించి చూడాలి. తర్వాత 500 కిలోమీటర్లకు మట్టం మరోసారి చూసి, కడిగిన అడుగుభాగం కింద తెల్ల అట్టముక్క ఒకటి పరిచి, వారం పాటు రోజూ పొద్దున తీసి చూడాలి. మొదటి రెండు రోజులు మూలల్లో మిగిలిన కడుగునీళ్లు, డీజిల్ ఒకటి రెండు చుక్కలు రాలొచ్చు. మూడో రోజు నుంచి గేర్ ఆయిల్ వాసనతో చుక్క పడిందంటే, అది ఎక్కడి నుంచి మొదలైందో పౌడరు చల్లి మళ్లీ చూడాలి.